అగ్నిమాపక కేంద్రం – అభ్యాస నిలయం

అగ్నిమాపక సిబ్బంది జీవితంలో అధికభాగం నిరీక్షణలోనే గడుస్తుంది. ఫోను మోగితే క్షణాలలో బండి గేటు దాటాలి. మోగకపోతే రోజంతా ఆ ఆవరణలోనే సిద్ధంగా ఉండాలి. మంటలతో పోరాడే సమయం కంటె వాటికోసం ఎదురుచూసే సమయమే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ నిరీక్షణ కాలాన్ని ఏ విధంగా సద్వినియోగం చేసుకోవాలనే ఆలోచన నుండే అగ్నిమాపక కేంద్రాల నిర్మాణంలో ఒక కొత్త పద్ధతి రూపుదిద్దుకొన్నది. కేంద్రంలోని మెట్లు, గోడలు, కిటికీలు, నీటితొట్టి, బండ్లు నిలిపే చావడి మొదలైనవాటిని నిత్యావసరాలకూ శిక్షణకూ ఏకకాలంలో పనికివచ్చేటట్లు నిర్మించడమే ఆ పద్ధతి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో దేనికైనా ఒక కొత్త కేంద్రాన్ని రూపొందించవలసి వస్తే అది ఏ విధంగా ఉండాలో ఆలోచిస్తే ఈ పద్ధతిలోని మర్మం తెలుస్తుంది.

అగ్ని ప్రమాదాలకు ముందుగానే సిద్ధపడాలనే భావన మన దేశానికి కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగర పాలనను వివరించే అధ్యాయం ఈ విషయాన్ని విపులంగా చెప్పింది. ప్రతి గృహస్థుడూ నీటి కుండలతోపాటు నిచ్చెన, గొడ్డలి, కొక్కెం వంటి సాధనాలను సిద్ధంగా ఉంచుకోవాలి. రాజమార్గాలలోను, కూడళ్లలోను నీటి పాత్రలను వరుసలుగా పేర్చాలి. మంటలార్పడానికి పరుగెత్తుకొని రాని ఇంటి యజమానికి జరిమానా కూడా ఉంది. ఇన్ని శతాబ్దాలు గడిచినా నిచ్చెన, గొడ్డలి, కొక్కెం ఇప్పటికీ ఫైరింజన్ మీద కనిపిస్తూనే ఉన్నాయి. సాధనం చేతిలో ఉండటం వేరు, దానిని చీకటిలో, పొగలో, అరుపుల మధ్య ఉపయోగించగలగడం వేరు. రెండవది అభ్యాసంతోనే వస్తుంది. అభ్యాసం ఆగిపోతే అంతే త్వరగా పోతుంది కూడా.

తెలంగాణలో అగ్నిమాపక సిబ్బందికి ప్రాథమిక శిక్షణ హైదరాబాదు శివారులోని వట్టినాగులపల్లి శిక్షణ సంస్థలో జరుగుతుంది. పై స్థాయి అధికారుల శిక్షణకు నాగపూరులోని జాతీయ అగ్నిమాపక కళాశాల ప్రసిద్ధమైనది. అది 1956లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూరులో ఆరంభమై మరుసటి సంవత్సరం నాగపూరుకు తరలింది. ఇటువంటి సంస్థలు వేసే పునాది గట్టిదే. కాని కోదాడలో పనిచేసే ఫైర్‌మన్ ప్రతి వారం వట్టినాగులపల్లికి వెళ్లి రాలేడు. వెళ్తే ఆ రోజు కోదాడకు ఒక మనిషి తక్కువవుతాడు. పైగా రాష్ట్ర స్థాయి సంస్థ అందరికీ అవసరమైన సామాన్య విద్యను నేర్పుతుంది. ఒక్కొక్క ఊరి మంటకు ఒక్కొక్క స్వభావం ఉంటుంది. దానిని ఆ ఊరిలోనే నేర్చుకోవాలి.

ఈ మూడు పట్టణాల స్వభావాలు పరిశీలించదగినవి. సూర్యాపేట, కోదాడ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. పూర్వం తొమ్మిదవ నంబరుగా ప్రసిద్ధమైన ఆ రహదారికి ఇప్పుడు 65వ నంబరు. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లు, దూది లారీలు, రాత్రి బస్సులు దానిమీద నిరంతరం సాగుతుంటాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో వరి పండిన తరువాత మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణంగా ఎదిగింది. మట్టపల్లి, మేళ్లచెరువు ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. ఇన్ని రకాల ప్రమాదాలు కొద్ది దూరంలోనే పొంచి ఉన్న సీమకు ఏదో ఒక నగరంలోని కేంద్రం నమూనాను యథాతథంగా తెచ్చి కట్టడం తెలివైన పని కాదు.

నిర్మాణంలో మొట్టమొదట చెప్పవలసినది గోపురాన్ని గురించి. పాత అగ్నిమాపక కేంద్రాలకు ఎత్తయిన గోపురం ఒక గుర్తు. నీటిని మోసే నార, కాన్వాసు గొట్టాలు తడిగా ఉంటే కుళ్లిపోతాయి గనుక వాటిని ఆ గోపురంలో నిలువుగా వేలాడదీసి ఆరబెట్టేవారు. కృత్రిమ నూలుతో నేసిన గొట్టాలు వచ్చాక ఆ అవసరం తగ్గింది. కాని ఎత్తయిన కట్టడంలోకి చేరే విద్యకు మరింత మెరుగైన అభ్యాసస్థలం దొరకదు. నాలుగంతస్తుల గోపురాన్ని కట్టి, ప్రతి అంతస్తునూ ఒక్కొక్క సమస్యగా రూపొందించవచ్చు. మొదటి అంతస్తు కిటికీకి మన ఇళ్లలో ఉండే ఇనుప గ్రిల్ బిగించాలి. దొంగల భయంతో మనం బిగించుకొన్న ఆ గ్రిల్లే మంట వచ్చిన నాడు మనకు చెరసాల అవుతుంది. దానిని ఎక్కడ కోస్తే ఊడుతుందో సిబ్బందికి చేతులతో తెలియాలి. కోసిన కడ్డీలను మార్చి మళ్లీ బిగించుకొనే ఏర్పాటు ఉంటే సరిపోతుంది. కింది అంతస్తుకు దుకాణాల ఇనుప షట్టర్, రెండవ అంతస్తుకు పిట్టగోడ ఉన్న బాల్కనీ, పైన చదునైన డాబా ఏర్పాటు చేస్తే పట్టణంలోని సగం ఇళ్లు అందులో కనిపిస్తాయి.

నిచ్చెన వేయడం సులభమైన పనిగా తోస్తుంది. ఆనే ఎత్తులో నాలుగవ వంతు దూరంలో పాదాన్ని ఉంచాలనే లెక్క అందరికీ నోటికి వచ్చును. ఆ లెక్క కుదరని ఇరుకు సందులో, పైన విద్యుత్ తీగలు వేలాడుతుంటే ఏమి చేయాలనేదే అసలు సమస్య. అందుచేత గోపురానికి ఒక వైపు విశాలమైన మైదానాన్ని వదిలి, మరొక వైపు కావాలనే ఇరుకైన సందును ఉంచి, పైన ఉత్తుత్తి తీగలను కట్టాలి.

గోపురంలోని మెట్ల దారికి నిలువు నీటిగొట్టాన్ని అమర్చి ప్రతి అంతస్తు వద్ద గొట్టాన్ని తగిలించుకొనే మూతిని పెట్టాలి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక వసతిగృహం కింది భాగంలోని విద్యుత్ ద్విచక్ర వాహనాల విక్రయశాలలో మంటలు రేగగా, పొగ మెట్ల మీదుగా పైకి పాకి ఎనిమిది మంది మరణించారు. 2023 మార్చి 16న అదే నగరంలోని స్వప్నలోక్ సముదాయంలో ఆరుగురు యువతీయువకులు పొగకు బలయ్యారు. మెట్లు మనుషులు దిగే దారి మాత్రమే కాదు, పొగ ఎక్కే దారి కూడా. దిగివచ్చే జనానికి అడ్డం రాకుండా, నీటితో బరువెక్కిన గొట్టాన్ని మలుపుల దగ్గర చిక్కుపడకుండా పైకి చేర్చడం నలుగురు కలిసి చేయవలసిన పని. వారంలో రెండుసార్లయినా ఆ మెట్లెక్కిన బృందానికీ, ఎన్నడూ ఎక్కని బృందానికీ ఉన్న తేడా ప్రాణాలలో లెక్కకు వస్తుంది.

మిర్యాలగూడ సీమకు ప్రత్యేకమైనది ఊక. ధాన్యాన్ని ఉడికించే బాయిలర్లకు ఊకే ఇంధనం. అది ఆవరణలో కొండలా పేరుకొని ఉంటుంది. నివురు గప్పిన నిప్పు అనే జాతీయానికి అసలైన అర్థం ఊక రాశి దగ్గర తెలుస్తుంది. పైన చల్లగా, నిశ్చలంగా కనిపించే రాశి లోపల గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి రాజుకొంటూ గుల్లబారుతుంది. పైకెక్కిన మనిషి బరువుకు ఆ పెంకు విరిగితే నిప్పుల గుంతలోకి జారిపోతాడు. ఊకలో సిలికా అధికంగా ఉండటం వల్ల పోసిన నీరు లోపలికి ఇంకక పక్కలకు జారిపోతుంది. నీటి తలతన్యతను తగ్గించే రసాయనాన్ని కలపడం, రాశిని అంచుల నుండి కొంచెం కొంచెంగా తిరగవేస్తూ తడపడం ఇక్కడి పద్ధతి. తవుడు, ఊక దుమ్ము గాలిలో దట్టంగా లేచిన చోట ఒక్క నిప్పురవ్వ చాలు, గది మొత్తం పేలిపోవచ్చు. ఆవేశంతో బలమైన నీటిధారను రాశి మీదికి వదిలితే ఆ దుమ్మును లేపేది మంటలార్పడానికి వచ్చినవారే. ఇటువంటి చోట తుంపర చాలు, ధార వద్దు. ఈ వివేకాన్ని పుస్తకంలో చదివితే అర్థమవుతుంది. కాని చేతికి అలవాటు కావాలంటే కేంద్రం పెరట్లో మూడు వైపుల గోడలు గల పైకప్పు లేని కొట్టం కట్టి, అందులో ఊకను పోసి, నిప్పు లేకుండానే తిరగవేసే పనిని, తుంపరతో తడిపే పనిని నేర్పాలి. దాని పక్కనే నాలుగైదు దూది బేళ్లు ఉంచవచ్చు. బిగించిన బేలు లోపల చేరిన నిప్పు కూడా ఊక నిప్పుకు తోబుట్టువే.

దూది బేళ్ల మంట ఎంత దారుణానికి దారి తీయగలదో 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో తేలింది. ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో దూది బేళ్లు, పేలుడు పదార్థాలు కలిసి ఉన్నాయి. దూదిలో రాజుకొన్న నిప్పు మూలం ఎక్కడ ఉందో తెలియక సిబ్బంది గంటల తరబడి నీటిని పంపుతుండగా ఓడ పేలిపోయింది. మరణించిన వందలాది మందిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. దేశమంతటా ఏప్రిల్ 14ను అగ్నిమాపక దినంగా పాటించడానికి కారణం ఆ మరణాలే.

రెండవ ముఖ్యాంశం నీరు. ఇల్లు కాలాక బావి తవ్వినట్లు కాకుండా కేంద్రం నేల కింద పెద్ద తొట్టిని ముందే కట్టాలి. 4,500 లీటర్ల నీటిని మోసే బండి నిమిషానికి 450 లీటర్ల చొప్పున వదిలితే పది నిమిషాలలో ఖాళీ అవుతుంది. ఆ తరువాత కాలువ, చెరువు, బావి మాత్రమే దిక్కు. ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డుపడుతుంది. పంపు నీటిని పైకి లాగుతుందని మనం అంటాం. నిజానికి గొట్టంలోని గాలిని పంపు తీసివేయగా బయటి వాతావరణ పీడనం నీటిని పైకి నెడుతుంది. ఆ పీడనం సముద్రమట్టం వద్ద కూడా పది మీటర్ల ఎత్తుకు మించి నీటిని నిలపలేదు. ఆచరణలో ఏడు మీటర్లు దాటితే కష్టమే. సాగర్ కాలువ గట్టు మీద నిలిపిన బండికి నీరందుతుంది, లోతైన వ్యవసాయ బావి వద్ద అందకపోవచ్చు. తొట్టికి మూడు వేర్వేరు ఎత్తులలో వేదికలు కడితే పంపు ఆపరేటరు ఒక్కొక్క ఎత్తు నుండి నీటిని తీసి, ఎక్కడ ఎంత సమయం పడుతుందో, గొట్టం అతుకులో సన్నని గాలి సందు ఉంటే ఏమవుతుందో స్వయంగా తెలుసుకొంటాడు. అభ్యాసంలో చిమ్మిన నీరంతా కాలువల ద్వారా, ఇసుక వడపోత మీదుగా మళ్లీ ఆ తొట్టికే చేరాలి. ఫ్లోరైడు నీటితో తరాల పాటు బాధపడిన నల్లగొండ సీమలో శిక్షణ పేరుతో మంచినీటిని నేలపాలు చేయడం ఏ విధంగాను సమంజసం కాదు.

మిగిలిన ఏర్పాట్లకు పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు. బండ్ల చావడి పక్కన పరికరాల గది మీద తక్కువ ఎత్తుగల అటక ఒకటి వేసి, కదిలించదగిన చెక్క పలకలతో ధాన్యపు బస్తాల మధ్య దారుల వంటి ఇరుకు దారులను ఏర్పాటు చేస్తే అది చీకటి గదిగా మారుతుంది. నాటకాలలో వాడే హానిలేని పొగను అందులో నింపి, శ్వాస పరికరం ధరించి పాకుతూ లోపల దాచిన బొమ్మను వెదకి తేవడం ఒక అభ్యాసం. సిలిండరు మీద అరగంట అని రాసి ఉన్నా బరువు మోస్తూ శ్రమించే మనిషికి ఆ గాలి అంతసేపు రాదు. తనకు ఎంతసేపు వస్తుందో ఎవరికివారు ముందే తెలుసుకొని ఉండాలి. నేలలో ఒక మనిషి మాత్రమే పట్టే గుండ్రని మూత, దాని కింద సిమెంటు గొట్టం ఉంటే మురుగు గుంతలలో చిక్కుకొన్నవారిని బయటికి తీసే విద్య అలవడుతుంది. ఒకరిని రక్షించబోయి మరొకరు, ఆ ఇద్దరికోసం మూడవవారు విషవాయువుకు బలైన వార్తలు మన పత్రికలలో తరచుగా వస్తూనే ఉన్నాయి.

సూర్యాపేట కేంద్రానికి రహదారి ప్రమాదాల ఆవరణ తప్పనిసరి. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బస్సు దగ్ధమై 45 మంది మరణించారు. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద మరొక రాత్రి బస్సు అదే విధంగా కాలిపోయింది. తుక్కుగా మారిన పాత బస్సునొకదానిని ఆవరణలో ఉంచితే, దాని అద్దాన్ని ఏ మూల కొడితే పగులుతుందో, పడక బెర్తుల మధ్య నుండి మనిషిని ఏ విధంగా బయటికి తీయాలో నేర్వవచ్చు. ఖాళీ ట్యాంకరు చట్రం ఒకటి ఉంటే గాలికి ఎగువ వైపు నుండి సమీపించడం, తొట్టిని చల్లబరచడం అభ్యసించవచ్చు. వంటగ్యాసు గాలి కంటె బరువైనది. అది పొలం పల్లంలోకి, మురుగుకాలువలోకి చేరి నిప్పు కోసం కాచుకొని ఉంటుంది. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల వేళ ప్రేక్షకుల గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. అగ్నిమాపక శాఖ పని అగ్నితోనే ముగియదని ఆ సాయంత్రం రుజువు చేసింది. ఇనుప గొట్టాలు, దూలాలు, సిమెంటు పలకలు కుప్పగా పేర్చిన ఒక మూల కూడా ఆవరణలో ఉండవలసినదే.

అయితే శిక్షణ తానే ప్రమాదంగా మారకూడదు. 1982 జనవరిలో అమెరికాలోని బౌల్డర్ పట్టణంలో నిజమైన మంటతో శిక్షణ ఇస్తుండగా ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. ఆ దుర్ఘటన తరువాత 1986లో మంటతో ఇచ్చే శిక్షణకు అక్కడ ప్రత్యేక ప్రమాణాలు వెలువడ్డాయి. మన పొరుగున 2018 జులైలో కోయంబత్తూరు సమీపంలోని ఒక కళాశాలలో విపత్తు శిక్షణ పేరుతో రెండవ అంతస్తు నుండి ఒక విద్యార్థినిని కిందికి దూకించగా, మొదటి అంతస్తు సజ్జాకు తల తగిలి ఆమె మరణించింది. కింద వల పట్టుకొన్నవారు ఉన్నారు. దారిలో ఉన్న సజ్జాను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అందుచేత గోపురంలో దిగే వైపు గోడ పై నుండి కింది దాకా సజ్జా లేకుండా నునుపుగా ఉండాలి. తాడు కట్టే కొక్కేలను కాంక్రీటు పోసేటప్పుడే కడ్డీలతో కలిపి బిగించాలి. తరువాత గోడకు కొట్టిన మేకు మనిషి ప్రాణాన్ని మోయలేదు. ప్రతి మనిషికీ దిగే తాడుకు తోడు రక్షణ తాడు వేరుగా ఉండాలి. చీకటి గదికి నాలుగడుగులకొక తలుపు, ఒక్క మీటతో పొగను పీల్చివేసి దీపాలను వెలిగించే ఏర్పాటు ఉండాలి. నిజమైన మంట మాత్రం కేంద్రం భవనంలో ఎన్నడూ పనికిరాదు. అది వట్టినాగులపల్లి వంటి చోట, నిపుణుల పర్యవేక్షణలోనే జరగాలి.

శిక్షణ సదుపాయాల మోజులో కేంద్రం అసలు కర్తవ్యాన్ని మరచిన సందర్భాలు రాకుండా చూడటం వాస్తుశిల్పి బాధ్యత. అభ్యాసం మధ్యలో పిలుపు వస్తే పరచిన గొట్టాలు బండి దారికి అడ్డం పడకూడదు. కనుక అభ్యాసపు ఆవరణ పెరటి వైపు, బండి దారి రహదారి వైపు ఉండాలి. మేడ మీది నుండి జారి దిగే స్తంభం చాలామందికి తెలిసినదే. 1878లో షికాగోలో డేవిడ్ కెన్యన్ దానిని ప్రవేశపెట్టగా, త్వరలోనే అది ప్రపంచమంతటా వ్యాపించింది. జారి కాళ్లు విరగగొట్టుకొన్నవారు కూడా తక్కువేమీ కాదు. నేలమీదనే విశ్రాంతి గదులు కడితే స్తంభం అవసరమే లేదు. జర్మనీలో జహా హదీద్ రూపొందించిన విట్రా అగ్నిమాపక కేంద్రం 1993లో పూర్తయి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. కాని కొద్ది సంవత్సరాలలోనే అది ప్రదర్శనశాలగా మారిపోయింది. చూడముచ్చటగా ఉండటం ఒక్కటే కేంద్రాన్ని కేంద్రంగా నిలపలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాలలో మొదటి వర్గంలో చేర్చింది. మసి పట్టిన దుస్తులతోనే వంటగదిలోకి, పడకగదిలోకి వెళ్లే పాత అలవాటుకు నిర్మాణమే అడ్డుకట్ట వేయాలి. తిరిగి వచ్చినవారు ముందుగా దుస్తులు విడిచే గదిని, తరువాత స్నానపు గదిని దాటి గాని లోపలికి ప్రవేశించలేని విధంగా గోడలు కట్టాలి. బండ్ల చావడికి, నివాసపు గదులకు మధ్య గాలి చొరని తలుపు ఉండాలి. అభ్యాసం ముగించినవారూ అదే దారిన లోపలికి వస్తే, నిజమైన ప్రమాదం నుండి వచ్చిన అర్ధరాత్రి కూడా కాళ్లు వాటంతట అవే ఆ దారిన నడుస్తాయి.

కోదాడకు మరొక జాగ్రత్త అవసరం. 2024 ఆగస్టు చివరి రోజున, సెప్టెంబరు మొదటి రోజున కురిసిన వానలకు ఆ పట్టణంలోని పలు వీధులు నీట మునిగాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. వరదలో ముందుగా కదలవలసిన బండి తన ఆవరణలోనే చిక్కుపడితే ప్రయోజనం లేదు. కేంద్రాన్ని మెరక నేల మీద, నాటి నీటిమట్టం కంటె ఎత్తయిన అరుగుతో కట్టాలి. నేల కింది తొట్టి మూతలు వరదనీరు చేరని రకంగా ఉండాలి. పడవ, తాళ్లు, తేలే జాకెట్లు చేతికందే ఎత్తులో ఉండాలి.

ఏప్రిల్ 14 నుండి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాలలో కేంద్రాల గేట్లు ప్రజలకు తెరుచుకొంటాయి. పెరటి ఆవరణకు ఒక పక్క నీడనిచ్చే అరుగు ఉంటే మిల్లు హమాలీలు, బాయిలర్ పనివారు, కళాశాల విద్యార్థులు అక్కడ కూర్చొని చూడగలుగుతారు. చూచినవారిలో ఇద్దరు ముగ్గురిని పిలిచి ఊక కొట్టం దగ్గర తుంపర గొట్టాన్ని చేతికివ్వవచ్చు. ప్రమాదం జరిగిన మొదటి నిమిషాలలో మిల్లులో ఉండేది ఆ హమాలీ, ఆ బాయిలర్ పనివాడు. బండి ఇంకా దారిలోనే ఉంటుంది.